మామిడి పండు – మన సంతోషం, మన బేరం

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో మామిడి పూత మొదలవుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి కాయ నిండిన లారీలు విజయవాడ దగ్గరి నున్న మార్కెట్ దారి పడతాయి. జూన్‌తో ఆ సందడి ముగుస్తుంది. ఈ ఆరు నెలలూ జుమా నమాజు తరువాత మసీదు మెట్ల మీద సాగే మాటల్లో సగం మామిడి గురించే ఉంటాయి. వాటిలో ఆలిములను అడిగే ప్రశ్నలు కూడా తక్కువేమీ కాదు. పూత మీద తోట అమ్ముకోవచ్చా? గాలివానకు కాయ రాలిపోతే ఇచ్చిన డబ్బు సంగతేమిటి? బజారులో కొన్న పండు మనకు హలాలేనా? ఇంట్లో ఆడవారు అడిగే ప్రశ్న వేరు: ఇంత ఇష్టంగా, చేతులు మోచేతుల దాకా తడుపుకొని రసాలు తినడం మనసు కోరికలకు లొంగిపోవడం కాదు కదా?

ముందు ఈ చివరి ప్రశ్న చూద్దాం. ఎందుకంటే దీనికి జవాబు తెలియకపోతే మిగతా ప్రశ్నల బరువు కూడా తెలియదు.

కొందరు భక్తి అంటే రుచి చంపుకోవడమే అనుకుంటారు. దివ్యఖుర్ఆన్ ఈ ఆలోచనను సమర్థించదు. అల్ ఆరాఫ్ సూరాలో అల్లాహ్ తినమని, తాగమని, అయితే మితిమీరవద్దని ఆదేశించాడు. ఆ వెంటనే, తన దాసుల కోసం తాను సృష్టించిన అలంకరణను, పరిశుద్ధమైన ఆహారాన్ని నిషేధించినవారెవరని నిలదీశాడు. అంటే హలాల్‌ను తనకు తానే హరామ్ చేసుకునే అధికారం కూడా దాసునికి లేదన్నమాట. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలను దోసకాయతో కలిపి తినేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఒకదానికి మరొకటి జోడించి తినడంలోని రుచి తెలిసినవారు చేసే పనే అది. ఆయన ఏనాడూ ఏ వంటకానికీ వంక పెట్టలేదు. నచ్చితే తిన్నారు, నచ్చకపోతే విడిచిపెట్టారు.

మదీనాలో తొలి పండు చేతికొచ్చినప్పుడు ప్రజలు దాన్ని దైవప్రవక్త (స) సన్నిధికి తెచ్చేవారు. ఆయన దాన్ని అందుకొని తమ పండ్లలో, తమ పట్టణంలో, తమ కొలతల్లో శుభం ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకొనేవారు. ఆ తరువాత అక్కడున్న పిల్లలందరిలోకీ చిన్నవాణ్ణి పిలిచి ఆ పండు అతని చేతిలో పెట్టేవారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. కొలతల్లో శుభం అడగడాన్ని గమనించండి. పండు చేతికి రాగానే ఆయన రుచితో పాటు తూకాన్ని కూడా తలచుకున్నారు. ఇక మన ఇళ్లలో తొలి పండు ఎవరికి వెళుతోంది? సాధారణంగా కుటుంబ పెద్దకో, పట్నం నుంచి వచ్చిన అల్లుడికో. ఈ సున్నత్‌ను ఆచరించడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, అయినా మన ఇళ్లలో ఇది అరుదైపోయింది.

మరో సంఘటన. ఒకరోజు దైవప్రవక్త (స), అబూ బక్ర్ (రజి), ఉమర్ (రజి) ముగ్గురూ ఆకలితో ఇళ్ల నుంచి బయటికి వచ్చి, ఒక అన్సారీ సహాబీ ఇంటికి వెళ్లారు. ఆయన పేరు అబుల్ హైసమ్ (రజి) అని తిర్మిజీ ఉల్లేఖనం చెబుతోంది. ఆయన పచ్చివి, దోరవి, మాగినవి అన్నీ ఉన్న ఖర్జూరపు గెలను తెచ్చి ముందు పెట్టారు. చల్లని నీళ్లు ఇచ్చారు. మేకను కోయబోతే, పాలిచ్చేదాన్ని కోయవద్దని దైవప్రవక్త (స) చెప్పారు. అందరూ కడుపునిండా తిన్నాక, ఈ అనుగ్రహాన్ని గురించి ప్రళయదినాన తప్పక ప్రశ్నించడం జరుగుతుందని ఆయన తన సహచరులతో అన్నారు. తినడాన్ని ఆపలేదు. తిన్నాక లెక్క ఉందని గుర్తుచేశారు. ఆ లెక్కలో, పండు మన పళ్లెంలోకి ఏ దారిన వచ్చిందన్నది కూడా ఉంటుంది.

మామిడి విషయంలో ముస్లిముల మక్కువ పాతదే. ఉర్దూ మహాకవి మీర్జా గాలిబ్ తన మిత్రులకు రాసిన ఉత్తరాల్లో మామిడి పండ్లు పంపమని అడిగేవారు. మన బంగినపల్లి పేరు నేటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లి నుంచి వచ్చింది. 1948 వరకు అది నవాబుల ఏలుబడిలో ఉన్న చిన్న సంస్థానం. 2017లో ఈ పండుకు భౌగోళిక గుర్తింపు లభించింది. వ్యాపారులు దీన్ని ‘బేనిషాన్’ అంటారు. ఉర్దూ తెలిసినవారికి అర్థం వెంటనే తడుతుంది – మచ్చ లేనిది. పండుకు మచ్చ లేకపోతే సరే, దాని బేరానికి మచ్చ లేకుండా ఉందా అన్నది అసలు ప్రశ్న.

పూత మీద బేరం

మన ప్రాంతంలో తోట యజమానులు చాలామంది స్వయంగా కాయ కోసి అమ్మరు. కాపును కౌలుకు ఇచ్చేస్తారు. పూత చూసి వ్యాపారి ఒక అంకె చెబుతాడు, బయానా ఇస్తాడు. ఆనాటి నుంచి మందు కొట్టడం, నీరు పెట్టడం, కాపలా కాయడం అంతా అతని పని. కొందరు పూత కూడా రాకముందే, రెండేళ్లకో మూడేళ్లకో కలిపి ఒకేసారి మాట్లాడుకుంటారు. కూతురి పెళ్లి ఖర్చుకో, పాత అప్పుకో డబ్బు అవసరమైన యజమాని రెండు మూడేళ్ల కాపును ముందే అమ్ముకొని తక్కువ ధరకు ఒప్పుకుంటాడు. నష్టం ఒక్కోసారి అతనిది, ఒక్కోసారి కౌలుదారుది. ఇద్దరిలో ఎవరు మునుగుతారో ఆ రోజు ఎవరికీ తెలియదు.

ఈ పరిస్థితి కొత్తది కాదు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) మదీనా తోటల గురించి చెప్పిన మాటలు బుఖారీలో ఉన్నాయి. ప్రజలు పండ్లను ముందుగానే కొనుక్కునేవారు. కోత సమయం వచ్చి, డబ్బు వసూలు చేసేవారు తలుపు తట్టినప్పుడు, కొన్నవాడు కాయకు ఫలానా తెగులు తగిలిందని, ఫలానా రోగం వచ్చిందని, రాలిపోయిందని చెప్పేవాడు. జైద్ (రజి) ఆ తెగుళ్ల పేర్లు కూడా చెప్పారు. చదువుతుంటే మన తేనెమంచు పురుగు, బూడిద తెగులు, తామర పురుగు గుర్తుకు రాకమానవు. ఇటువంటి తగాదాలు ఎక్కువైనప్పుడు, పండు బాగోగులు తేటతెల్లమయ్యే వరకు బేరమాడవద్దని దైవప్రవక్త (స) హితవు పలికారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనంలో ఈ వారింపు అమ్మేవానికీ కొనేవానికీ ఇద్దరికీ వర్తిస్తుందని స్పష్టంగా ఉంది. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో కారణం కూడా ఉంది: అల్లాహ్ ఆ పండును ఆపివేస్తే, మీరు మీ సోదరుని సొమ్మును దేనికి బదులుగా తీసుకుంటారని దైవప్రవక్త (స) ప్రశ్నించారు. ఏళ్ల తరబడి కాపును ముందే అమ్మడాన్ని ఆయన వారించారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. ఇది ముస్లింలో ఉంది.

ఇప్పుడు ధర్మశాస్త్ర పండితుల మాట. మొదటి స్థితి: చెట్టుకు ఇంకా కాయే పట్టలేదు. పూత ఉండవచ్చు, లేకపోవచ్చు. ఆ దశలో కాపును అమ్మడం నాలుగు మజ్‌హబుల్లోనూ చెల్లదు. లేని వస్తువును అమ్మినట్టే. రెండు మూడేళ్ల బేరాలన్నీ ఈ కోవలోకే వస్తాయి.

రెండవ స్థితి: పిందె పట్టింది కానీ ముదరలేదు. పిందెను వెంటనే కోసుకుపోతానన్న షరతుతో కొంటే అందరి దృష్టిలో ధర్మసమ్మతమే. ఊరగాయకు లేత కాయ కొనేవారి బేరం ఇటువంటిదే. మాగే వరకు చెట్టు మీదే ఉంచాలన్న షరతు పెడితే హనఫీ మజ్‌హబులో ఆ బేరం ఫాసిద్, అంటే దోషయుక్తం. ఏ షరతూ లేకుండా కొంటే హనఫీ పండితుల వద్ద బేరం చెల్లుతుంది. ఆ తరువాత యజమాని తన ఇష్టంతో, షరతు కింద కాకుండా, కాయను చెట్టు మీద ఉండనిస్తే అది కొన్నవానికి హలాల్ అవుతుంది. మిగతా మూడు మజ్‌హబుల పండితులు అత్యధికులు షరతు లేని బేరాన్ని కూడా ఈ దశలో ఒప్పుకోరు.

మూడవ స్థితి: కాయ టెంక కట్టి, భుజాలు నిండి, రకాన్నిబట్టి రంగు తిరగడం మొదలైంది. ఇక గండాలు చాలావరకు గడిచాయి. ఈ దశలో అమ్మడం అందరి వద్దా సమ్మతమే. తోటలో ఆ రకం కాయల్లో కొన్ని పక్వానికి వచ్చినా మిగతావాటికి కూడా అదే ఆదేశం అని చాలామంది పండితులు చెప్పారు. మామిడికి ఇది మంచి వెసులుబాటు, ఎందుకంటే ఒకే చెట్టు మీద కాయ ఒక్కసారిగా ముదరదు.

“మౌలానా సాబ్, ఊరంతా ఇలాగే చేస్తున్నారు, మేమొక్కరమే ఏంచేయగలం?” అని అడుగుతారు. సమస్య నిజమైనదే, దాన్ని తేలికగా తీసివేయకూడదు. డమాస్కస్‌కు చెందిన హనఫీ ఫఖీహ్ ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) తన కాలంలో తన పట్టణ ప్రజలు కూడా ఇదే ఇబ్బందిలో ఉన్నారని గుర్తించి, తోటలో కాపు ఎక్కువ భాగం బయటపడి కొంత పడకపోయినా, ప్రజల వాడుకను దృష్టిలో ఉంచుకొని అనుమతించిన పూర్వ పండితుల అభిప్రాయం వైపు మొగ్గారు. కాబట్టి పిందె చాలావరకు పట్టాక, చెట్టు మీదే ఉంచాలన్న షరతు పెట్టకుండా జరిగే బేరానికి దారి ఉంది. పూత మీద బేరానికి మాత్రం ఆ దారి లేదు. ఒక నెల ఆగితే పిందె నిలుస్తుంది. ఆ నెల రోజులు బయానా తీసుకోకుండా ఆగడమే కష్టం.

ముందుగానే డబ్బు ఇచ్చే ‘సలమ్’ పద్ధతి కదా అని కొందరు వాదిస్తారు. దైవప్రవక్త (స) మదీనా వచ్చేసరికి ప్రజలు ఏడాది, రెండేళ్ల ముందే పండ్లకు డబ్బు ఇచ్చేవారు. తెలిసిన కొలత, తెలిసిన తూకం, తెలిసిన గడువు ఉంటేనే అలా ఇవ్వాలని ఆయన నియమం పెట్టారు. అయితే సలమ్‌లో ఫలానా వారి తోటలోని కాయే అని కట్టడి చేయకూడదు. ఇన్ని టన్నులు, ఈ రకం, ఈ నాణ్యత, ఈ తేదీకి అనాలి. ఒక తోటలో కాయ రాకపోతే మరోచోట కొని ఇవ్వాలి. పైగా హనఫీ మజ్‌హబులో ఒప్పందం నాటి నుంచి అప్పగించే వరకు ఆ సరుకు బజారులో దొరుకుతూ ఉండాలన్న షరతు ఉంది. జనవరిలో బంగినపల్లి ఎక్కడ దొరుకుతుంది? కనుక మన కౌలు బేరానికి సలమ్ అని పేరు పెట్టినంత మాత్రాన అది సలమ్ కాదు.

నా దృష్టిలో మన తోటలకు సరిగ్గా అతికే పద్ధతి ‘ముసాఖాత్’. దైవప్రవక్త (స) ఖైబర్ తోటలను అక్కడి యూదులకే అప్పగించారు. వారు శ్రమించాలి, వచ్చిన పంటలో సగం వారికి. నూజివీడు కౌలుదారు కూడా మందు, నీరు, కాపలా అన్నీ తానే చూసుకుంటున్నాడు కదా! అటువంటప్పుడు ఇంత డబ్బు అని కాకుండా పండులో సగమో, మూడవ వంతో, ఎంతో ఒక భాగం మాట్లాడుకుంటే పూత రాకముందే ఒప్పందం కుదుర్చుకోవచ్చు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దీన్ని ఒప్పుకోలేదు కానీ ఆయన ఇద్దరు శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ సమ్మతించారు, ఫత్వా వారి మాట మీదే ఉంది. యజమానికి కనీసం ఇంత మొత్తం ముట్టాలన్న షరతు మాత్రం పెట్టకూడదు. అది పెడితే భాగస్వామ్యం చెడిపోతుంది. “వాడు లెక్క సరిగ్గా చూపిస్తాడా?” అన్న అనుమానం సహజమే. ఖైబర్‌లోనూ ఆ అవసరం పడింది. హజ్రత్ అబ్దుల్లా బిన్ రవాహా (రజి) ప్రతి ఏటా వెళ్లి చెట్ల మీది కాపును అంచనా కట్టేవారు. వారు నగలు లంచంగా ఇవ్వజూపితే ఆయన తిరస్కరించారు. మన దగ్గర నున్న మార్కెట్ పట్టీలు ఉన్నాయి, చరవాణులు ఉన్నాయి. ఆనాటి కంటే లెక్క చూడటం చాలా సులువు.

నేలను ఎక్కువ అద్దెకు ఇచ్చి, చెట్ల పండులో నామమాత్రపు వాటా రాసుకొనే ఉపాయం కూడా పాత గ్రంథాల్లో కనిపిస్తుంది. అనాథల ఆస్తిలో, వక్ఫ్ తోటల్లో దాన్ని పండితులు ఒప్పుకోలేదు. మిగతాచోట్ల కూడా, భాగం మాట్లాడుకునే దారి తెరిచి ఉండగా దీన్ని ఆశ్రయించడం నాకు నచ్చదు.

గాలివాన వచ్చిన రాత్రి

ఏప్రిల్, మే నెలల్లో ఒక్క ఈదురుగాలి చాలు, తెల్లారేసరికి తోటంతా కాయ పరిచినట్టు ఉంటుంది. టన్నుల కాయ రాలినా యజమాని బాకీ కాగితం మీద అంకె రాలదు. కౌలుదారు మరో చోట వడ్డీకి తెచ్చి ఈ బాకీ తీరుస్తాడు. వచ్చే ఏడు ఆ వడ్డీ తీర్చడానికి మరో తోట ఇంకా ఎక్కువకు పట్టుకుంటాడు.

ఈ విషయంలో షరీఅత్ మౌనంగా లేదు. తెగులు, గాలి వంటి ఆపద వల్ల పోయిన మేరకు సొమ్ము తగ్గించమని దైవప్రవక్త (స) ఆదేశించినట్టు జాబిర్ (రజి) ఉల్లేఖనం ముస్లింలో ఉంది. ఇమామ్ మాలిక్ (రహ్మ) ప్రకారం మూడో వంతు లేదా అంతకు మించి నష్టపోతే తప్పనిసరిగా తగ్గించాలి. ఇమామ్ అహ్మద్ (రహ్మ) చిన్న నష్టాన్ని వాడుకకు వదిలేసి మిగతాదంతా యజమాని మీదే అన్నారు. హనఫీ, షాఫయీ పండితుల వద్ద తోట అప్పగించాక నష్టం కొన్నవాడిదే, తగ్గించడం అభిలషణీయం. వారికి ఆధారం కూడా ముస్లింలోని హదీసే: పండ్లు కొని నష్టపోయి అప్పులపాలైన ఒక వ్యక్తికి దానం చేయమని దైవప్రవక్త (స) ప్రజలను కోరారు. వచ్చినది అప్పుకు చాలలేదు. అప్పుడు ఆయన అప్పులవారితో ఉన్నది తీసుకోండి, అంతకు మించి మీకు లేదని చెప్పారు.

హనఫీ యజమాని “మా మజ్‌హబులో తగ్గించనక్కరలేదు” అనే ముందు ఒక్కటి ఆలోచించాలి. తాను చేసిన బేరం పిందె దశకు ముందు జరిగి ఉంటే, ఆ మజ్‌హబులోనే ఆ బేరం చెల్లదు. డబ్బు తిరిగి ఇవ్వవలసినవాడు తగ్గింపు గురించి వాదించడం ఎంతవరకు న్యాయం?

బజారు, బుట్ట, ఇల్లు

ఇక కొనుక్కొని తినే ఇంటివారి సంగతి. బండి దగ్గర డజను రసాలు కొనేవాడు, ఆ కాయ ఏ తోటది, ఏ నెలలో బేరమైందని ఆరా తీయనక్కరలేదు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు తెచ్చే మాంసం మీద అల్లాహ్ పేరు పలికారో లేదో తెలియడం లేదని ప్రజలు అడిగినప్పుడు, మీరే బిస్మిల్లా చెప్పి తినండని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఫాసిద్ బేరంలో కూడా సరుకు చేతికి అందాక యాజమాన్యం బదిలీ అవుతుందని హనఫీ సూత్రం. పాపం ఆ బేరం చేసినవారిది. పూత మీది బేరాల్లో కూడా, కోత నాటికి యజమాని సమ్మతితోనే కాయ అప్పగించడం జరుగుతుంది కనుక దాన్ని ఇచ్చిపుచ్చుకోవడం ద్వారా జరిగిన కొత్త బేరంగా కొందరు పండితులు పరిగణించారు. కాబట్టి పిల్లలకు నిశ్చింతగా పెట్టండి.

అమ్మేవారికి మాత్రం నిశ్చింత లేదు. కార్బైడ్ పొట్లాలు పెట్టి రాత్రికి రాత్రి రంగు తెప్పించడం చట్టరీత్యా నేరం. తేమ తగిలితే కార్బైడ్ ఎసిటిలీన్ వాయువును విడుదల చేస్తుంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ విషాల జాడలుంటాయి. పూర్వం 1955 నాటి కల్తీ నిరోధక నిబంధనలు, ఆ తరువాత 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు దీన్ని నిషేధించాయి. ప్రత్యేక గదుల్లో పది లక్షల భాగాలకు 100 భాగాలు మించకుండా ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి అనుమతి ఉంది. పండు తనంతట తాను మాగేటప్పుడు విడుదల చేసేది కూడా ఈ వాయువునే. ఇంట్లోనైతే వరిగడ్డి ఉండనే ఉంది. కార్బైడ్ కాయ పైకి పసుపు, లోపల తెలుపు, పులుపు. పైన ఒకటి, లోపల ఒకటి! మదీనా బజారులో ధాన్యపు కుప్పలోకి దైవప్రవక్త (స) చేయి పెట్టినప్పుడు లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. పెట్టె పైవరుసలో పెద్దకాయ, అడుగున గోలీలు పేర్చేవారు ఈ హదీసును బండి మీద రాసిపెట్టుకోవాలి.

ఉష్ర్ గురించి క్లుప్తంగా. ఇమామ్ అబూ హనీఫా వద్ద నేల పండించే ప్రతి పండు మీదా ఉష్ర్ ఉంది. మిగతా ఇమాములు, ఆయన ఇద్దరు శిష్యులు మామిడి వంటి నిలవ ఉండని పండ్లను మినహాయించారు. భారతదేశపు భూముల స్థితి గురించి కూడా పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. జాగ్రత్త కోరుకునేవారు ఇవ్వడమే మేలు. వర్షాధారమైతే పదవ వంతు, బోరు నీరైతే ఇరవయ్యవ వంతు, ఖర్చులు తీయకుండా. లక్ష రూపాయల కాయకు బోరు తోటలో 5 వేలు. ముసాఖాత్ చేసుకుంటే ఎవరి భాగం మీద వారు ఇవ్వాలి. కాయ ముదిరాక అమ్మితే అమ్మినవాని మీద, ముదరకముందు కొని చెట్టు మీదే మాగబెడితే కొన్నవాని మీద.

వేసవిలో కూతురి అత్తవారింటికి బుట్టలు పంపడం మన ఇళ్లలో ఉన్నదే. ప్రేమతో ఇచ్చిపుచ్చుకునే కానుక సున్నత్. అయితే కొన్నిచోట్ల అది లెక్కగా మారింది. “పెద్ద కోడలి పుట్టింటివారు నాలుగు బుట్టలు పంపారు” అన్న ఒక్కమాట చాలు, రెండవ కోడలి తండ్రి అప్పు చేసి ఐదు పంపుతాడు. అడగకుండానే గుంజుకోవడం కూడా గుంజుకోవడమే. పండు కొంటే పొరుగువానికి పంపాలని, పంపలేకపోతే గుట్టుగా ఇంట్లోకి తేవాలని, పిల్లవాణ్ణి దానితో బయటికి పంపి పొరుగు పిల్లవాణ్ణి బాధపెట్టవద్దని ఒక ఉల్లేఖనం ప్రచారంలో ఉంది. దాని పరంపర బలహీనమైనదని హదీసు పండితులు తేల్చారు. దాన్ని దైవప్రవక్త (స) మాటగా ఖాయం చేసి చెప్పకూడదు కానీ, పొరుగువారి హక్కు గురించిన సహీహ్ హదీసులకు అందులోని భావం విరుద్ధం కాదు.

తోట పక్కనుంచి బడికి వెళ్లే పిల్లల గురించి కూడా తల్లులు అడుగుతుంటారు. హజ్రత్ రాఫె బిన్ అమ్ర్ (రజి) చిన్నప్పుడు అన్సారుల ఖర్జూర చెట్ల మీదికి రాళ్లు విసిరి పట్టుబడ్డారు. ఆయనను దైవప్రవక్త (స) దగ్గరికి తెచ్చారు. ఎందుకు విసిరావని అడిగితే, తినడానికని నిజం చెప్పాడు ఆ పిల్లవాడు. రాళ్లు విసరవద్దు, కింద రాలినవి తిను అని చెప్పి, తల నిమిరి, అతని కడుపు నింపమని అల్లాహ్‌ను ప్రార్థించారు. అబూ దావూద్, తిర్మిజీ దీన్ని ఉల్లేఖించారు. దీన్నిబట్టి పండితులు చెప్పిందేమిటంటే, ఊరి వాడుకలో రాలిన కాయను ఎవరూ పట్టించుకోని చోట అక్కడే తినవచ్చు, ఒళ్లో కట్టుకొని పోకూడదు. కంచె ఉన్న తోటలో అనుమతి అడగాలి. గాలివానకు పెద్దఎత్తున రాలిన కాయ మాత్రం కాపు కొన్నవాడిది. ఆ రోజు అతడు దాన్ని ఊరగాయకు అమ్ముకొని కొంతైనా నిలదొక్కుకోవాలని చూస్తుంటాడు కనుక, అతడే పిలిచి ఏరుకోమంటే తప్ప సంచులతో తోటలోకి దిగకూడదు.